కర్మణి వాక్యములో దాగిన మృగము

ఆంగ్ల వ్యాకరణాభ్యాసమునకు ఏ పుస్తకము మంచిదని అడుగువారికి రెన్ అండ్ మార్టిన్ పేరు చెప్పి ఊరకుండుట మన యిండ్లలో తరతరాల వాడుక. నేనును ఆ దారిని నడిచినవాడనే. ఆ పద్ధతి అభ్యాసములలోని వాక్యములను కర్తరినుండి కర్మణికి, కర్మణినుండి కర్తరికి మార్చి మార్చి, తుదకు పిల్లి ఎలుకను చంపినను, ఎలుక పిల్లిచేత చంపబడినను మనస్సున ఆవగింజంత చలనమైనను కలుగని స్థితికి చేరుకొంటిని. వ్యాకరణమున రుచి పుట్టవలెనన్నచో, సంగతేమో తేల్చుకొనకుండ నిద్రపట్టని విషయము నొకదానిని చేపట్టి, దానిని గూర్చిన వాక్యములమీదనే సాధన చేయుట మేలని తరువాత తోచినది. అందులకు నేనెన్నుకొన్నది స్కాట్లండులోని నెస్ సరస్సున నున్నదని లోకము చెప్పుకొను జలరాక్షసి.

సరస్సును గూర్చి వ్రాయునపుడు ఆంగ్లేయులు తడబడరు. సుమారు 37 కిలోమీటర్ల పొడవు, 230 మీటర్ల లోతు, కుళ్లిన నాచుమొక్కల మట్టి కలిసి కషాయమువలె నల్లబడిన నీరు: అన్నియు సూటియైన వర్తమానకాల క్రియలే. మృగము ప్రవేశించుటతోడనే వాక్యముల నడక మారును. 'చూడబడినది', 'చెప్పబడుచున్నది', 'నమ్మబడుచున్నది' అను క్రియలు వరుసగా దిగును. కర్త యెవరో తెలియదు. కర్త తెలియనపుడును, చెప్పనవసరము లేనపుడును దానిని విడిచిపెట్టవచ్చునని వ్యాకరణము అనుమతించుచున్నది గదా! నేను మాత్రము నోటుపుస్తకపు పుటకు నడుమ నిలువుగీత గీసి, ఎడమవైపున కర్మణి వాక్యమును దింపుకొని, కుడివైపున దానిని కర్తరిగా మార్చుటకు పూనుకొంటిని. అట్లు మార్చవలెనన్న కర్తను వెదకి తెచ్చుట తప్పదు.

1933 మే 2వ తేదీన ఇన్వర్నెస్ కొరియర్ పత్రికలో నీటి సంక్షోభమును గూర్చి వెలువడిన వార్తలో, చూచినవారు ఒక వ్యాపారియు అతని భార్యయు అని యున్నదే గాని పేర్లు లేవు. ఆమె ఆల్డీ మెకే యను హోటలు నిర్వాహకురాలని ఆ కథను తరువాత పరిశీలించినవారు తేల్చిరి. నా కుడివైపు గడి నిండినది. అదే యేడు డిసెంబరులో ఒడ్డున అడుగుజాడలు 'కనుగొనబడినవి'. ఎవరిచేత? డైలీ మెయిల్ పత్రిక పంపిన మార్మడ్యూక్ వెదరెల్ అను వేటగానిచేత. ఆ జాడల అచ్చులను లండను ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాల నిపుణులు పరిశీలించి, అవి నీటియేనుగువనియు, అన్నియు ఒక్క కాలి ముద్రలే యనియు తేల్చిరి. ఎండబెట్టి అలంకారవస్తువుగా చేసిన కాలితో ఎవరో ఒత్తినవన్నమాట.

ఇక 1934 ఏప్రిలులో అచ్చైన, పొడవైన మెడ నీటిపైకి లేచినట్లున్న ఆ జగత్ప్రసిద్ధ చిత్రము సంగతి. అది లండను వైద్యుడు విల్సన్‌చేత 'తీయబడినది' అని దశాబ్దములపాటు పాఠకులు చదువుకొనిరి. ఆయన తన పేరు ముడిపెట్టుట కిష్టపడనందున దానికి సర్జన్ ఛాయాచిత్రమనియే పేరు నిలిచినది. అది ఆటబొమ్మ జలాంతర్గామికి కొయ్యపిండితో మెడను, తలను అతికించి నీట తేల్చి తీసిన బొమ్మయని, చేసినవాడు వెదరెల్ సవతికొడుకు క్రిస్టియన్ స్పర్లింగ్ అని 1994లో లోకమునకు తెలిసినది. జాడల విషయమున నవ్వులపాలైన వేటగాడే ఈ చిత్రము వెనుకను నిలిచెనన్నమాట! కర్మణి వాక్యము నొకదానిని కర్తరిగా మార్చుటకు అరువదేండ్లు పట్టిన యుదాహరణము మరే వ్యాకరణగ్రంథమునను నాకు కానరాలేదు.

మన భాషలో కర్మణి వాడుక స్వల్పమే. కర్తను దాచుటకు మనకు 'అట' చాలును. ఊరిచివరి చింతచెట్టుమీది దయ్యములన్నియు ఆ రెండక్షరముల నాశ్రయించుకొనియే బ్రతికినవి. కాని మనవారిని నిజముగా తిప్పలు పెట్టునవి 'ఎ', 'ది' అను ఉపపదములు. తొలుత పేర్కొన్న వస్తువునకు 'ఎ', మరల పేర్కొన్నప్పుడు 'ది' అనుట సూత్రము. నెస్ సరస్సు మృగమును చూడుడు: వింతప్రాణి యొకటి యని మొదలైనది కొద్ది నెలలలోనే 'ది' చేర్చుకొని, పెద్దక్షరములతో అచ్చుకెక్కి, ఇంకను ఎవరికిని చిక్కకుండగనే నిశ్చయవాచకమును సంపాదించుకొనెను. ఈ సూత్రమును పిల్లలకు బోధించుటకు ఇంతకంటె సరసమైన దృష్టాంతము దొరకదని నా యభిప్రాయము.

పరోక్షకథనమునకు సంత్ కొలంబా వృత్తాంతము కలదు. ఆయన 565 ప్రాంతమున నెస్ నదియందు, సరస్సునందు గాదు, ఒక మృగమును శిలువ గుర్తుతో వెనుకకు మరలించెనని అడమ్నాన్ వ్రాసెను. అడమ్నాన్ పుట్టునాటికే కొలంబా గతించెను. ఎవరో చెప్పగా విన్నవారు చెప్పగా విని వ్రాసిన దానిని ప్రత్యక్షకథనముగా మార్చబోయినచో ఉద్ధరణచిహ్నములను ఎవరి నోటికి తగిలింపవలెనో తెలియదు.

ఇప్పుడు నేను సంభావనార్థక సహాయక్రియల ప్రకరణమున నున్నాను. 2018లో న్యూజిలండుకు చెందిన నీల్ జెమ్మెల్ బృందము సరస్సు నీటిని పలుచోట్ల, పలులోతుల నుండి తీసి అందలి డీఎన్ఏను పరీక్షించెను. సరీసృపముల జాడ లేదు. మలుగుచేపల జాడ మాత్రము దాదాపు నీరు తీసిన ప్రతిచోటను కలదు. అవి ఎంతేసి పెద్దవో డీఎన్ఏ చెప్పలేదు గనుక, జనులు చూచినది పెద్ద మలుగుచేప 'కావచ్చును' అనువరకే ఆ శాస్త్రజ్ఞుడు పోయెను. 'మే' యనవలెనో, 'మైట్' అనవలెనో, 'కుడ్' అనవలెనో యింకను తేలలేదు. మూడింటిని ఎడమవైపున వరుసగా వ్రాసి, కుడివైపున మలుగుచేప యని పెన్సిలుతో వ్రాసియుంచితిని.