రంగుకు రెండు పనులు: కౌలాలంపూర్ రైలు పటంపై ఒక పరిశీలన

కౌలాలంపూర్‌లోని హాంగ్ తువా స్టేషన్ మూడు రైలు మార్గాలు కలిసే చోటు. క్లాంగ్ లోయ సమగ్ర రైలు పటంలో అక్కడ అంపాంగ్ మార్గం నారింజ రంగులో, శ్రీ పెతాలింగ్ మార్గం మెరూన్‌లో, మోనోరైల్ లేతాకుపచ్చలో కనిపిస్తాయి. ఈ మాట నేను పటం చూసి రాయలేదు, పక్కవారిని అడిగి రాశాను. ఎరుపు, ఆకుపచ్చల మధ్య తేడా నా కళ్ళకు సరిగా అందదు. తెలుగు మాధ్యమంలో చదువుకొనే రోజుల్లో సాంఘికశాస్త్రం పటాల్లో అడవులకు గోధుమరంగు పూసి చీవాట్లు తిన్నాను. వైద్యవిద్యలో చేరాక ఇషిహారా పలకల ముందు కూర్చున్న నాడు గాని, అది నా అజాగ్రత్త కాదని తెలియలేదు.

కారణం సులభంగానే చెప్పవచ్చు. రెటీనాలో రంగును గుర్తించే శంకుకణాలు మూడు రకాలు. వాటిలో రెండింటి వర్ణకాలకు సంబంధించిన జన్యువులు ఎక్స్ క్రోమోజోము మీద ఉన్నాయి. అందువల్ల ఈ లోపం ప్రధానంగా పురుషులలో కనిపిస్తుంది. ఐరోపా మూలాలు ఉన్న పురుషులలో సుమారు 8 శాతం మందికి, చైనా, జపాన్ పురుషులలో 4 నుంచి 6 శాతం మందికి ఇది ఉంది. నిండిన రైలుపెట్టెలో నాలాంటివాడు ఒకడైనా ఉంటాడు. అతనికి రంగులు అసలు కనబడవనుకోవడం పొరపాటు. కొన్ని జంటలు మాత్రమే కలిసిపోతాయి. నారింజ, లేతాకుపచ్చ అలాంటి జంట. మెరూన్, ముదురాకుపచ్చ మరొకటి.

రైలు పటం నిజానికి ఒక గ్రాఫ్: కొన్ని బిందువులు, వాటిని కలిపే గీతలు. ఇలాంటి చిత్రంలో రంగు రెండు వేర్వేరు పనులు చేస్తుంది. మొదటిది పేరు చెప్పడం: ఈ గీత ఫలానా మార్గం. రెండవది చూపును నడిపించడం: కూడలిలోకి దిగిన గీత అవతల ఏ గీతగా బయటపడిందో చెప్పడం. లండన్ భూగర్భ రైళ్ళ పటంలో 1908 నాటికే మార్గాలకు వేర్వేరు రంగులు ఉన్నాయి. 1933లో అచ్చయిన హ్యారీ బెక్ పటం గీతలను సరళం చేసి, ఈ రెండు పనులనూ ఒకే రంగుకు అప్పగించింది. ప్రపంచంలోని మెట్రో పటాలు చాలావరకు అదే దారిని నడిచాయి.

కౌలాలంపూర్ పటం గొప్పగా నెగ్గిన చోటు ఒకటి ఉంది. సెంతుల్ తిమూర్ నుంచి చాన్ సౌ లిన్ వరకు అంపాంగ్, శ్రీ పెతాలింగ్ రైళ్ళు ఒకే పట్టాల మీద నడుస్తాయి, ఆ తరువాత విడిపోతాయి. పటం వాటిని పక్కపక్కన రెండు గీతలుగా చూపుతుంది. నారింజ లేతది, మెరూన్ ముదురు. రంగు గుర్తుపట్టకపోయినా వెలుగులోని తేడా నన్ను చివరిదాకా తీసుకువెళ్తుంది. బుకిట్ బింతాంగ్ దగ్గర కూడా అంతే. మోనోరైల్‌దీ కాజాంగ్ మార్గానిదీ ఆకుపచ్చే, కాని ఒకటి లేత, ఒకటి ముదురు. పేరుకు ఒకటే అయిన రెండు రంగులు నాకు స్పష్టంగా వేరవుతుంటే, పేరుకు వేరైన నారింజ, లేతాకుపచ్చ హాంగ్ తువాలో ఒకటైపోతాయి. కంటికి ఆధారం రంగు పేరు కాదు, వెలుగు స్థాయి.

ఓడిన చోట్లలో హాంగ్ తువా ఒకటి. ప్లాజా రాక్యాత్, మెర్దేకా స్టేషన్లు కలిసే చోటు రెండవది. అక్కడ శ్రీ పెతాలింగ్ మెరూన్, కాజాంగ్ ముదురాకుపచ్చ ఎదురుపడతాయి. మూడవ లోపం అందరిదీ: పుత్రజాయ మార్గపు పసుపు గీత తెల్లని కాగితం మీద పలచబడుతుంది. గీత సన్నబడే కొద్దీ రంగును గుర్తించడం ఎవరికైనా కష్టమే గనుక, చేతిఫోను తెరమీద ఈ లోపాలు మరింత పెరుగుతాయి.

అయినా నేను దారి తప్పకపోవడానికి కారణం పటంలోని అంకెలు. అంపాంగ్ 3, శ్రీ పెతాలింగ్ 4, మోనోరైల్ 8, కాజాంగ్ 9, పుత్రజాయ 12. హాంగ్ తువాకు ఏజీ9, ఎస్పీ9, ఎంఆర్4 అని స్టేషన్ సంకేతాలూ ఉన్నాయి. అంటే పేరు చెప్పే పనిని ఈ పటం అంకెకు కూడా ఇచ్చింది. ఇది మెచ్చుకోదగిన నిర్ణయం. కాని దాని ఫలితాన్ని పూర్తిగా వాడుకోలేదన్నదే నా విమర్శ. పేరును అంకె మోస్తున్నప్పుడు, రంగును చూపు తడబడే చోట్లకు అనుగుణంగా ఎంచుకొనే స్వేచ్ఛ వస్తుంది.

గ్రాఫ్ చిత్రణ పరిశోధకులు ఈ ఆలోచనను ఇదివరకే అనుసరించారు. గ్రాఫ్‌విజ్ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో ఎడ్జ్‌పెయింట్ అనే పనిముట్టు ఉంది. అది చిన్న కోణంలో ఖండించుకొనే గీతలను వెతికి, వాటికి వీలైనంత దూరపు రంగులు ఇస్తుంది. లంబంగా ఖండించుకొనే గీతలను కన్ను తనంతట తానే విడదీస్తుంది కనుక వాటిని పట్టించుకోదు. ఎక్కడ అయోమయం ఉందో అక్కడే రంగును ఖర్చు చేయాలన్నది దీని సారం.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. ఈ రంగులు రైళ్ళ మీదికి, స్టేషన్ల బోర్డుల మీదికి, జనం అలవాటులోకి వెళ్ళిపోయాయి. మార్చడం తేలిక కాదు. పైగా ఒకదాన్ని కదిపితే ఇంకోటి కదులుతుంది. హాంగ్ తువా కోసం మోనోరైల్‌ను ముదురు చేస్తే అది బుకిట్ బింతాంగ్‌లో కాజాంగ్‌తో కలిసిపోతుంది. అందుకే రంగును మార్చకుండా గీతను మార్చమంటాను. మోనోరైల్‌ను మధ్యలో తెలుపు వదిలిన బోలు గీతగా గీయవచ్చు. పసుపు గీతకు సన్నని నల్లని అంచు కట్టవచ్చు. కూడలికి రెండు వైపులా అంకెను మళ్ళీ అచ్చువేయవచ్చు. వీటిలో దేనికీ రైలుకు కొత్త రంగు వేయనక్కరలేదు.

ఈ మాటలు రైలు పటాలకే పరిమితం కావు. ఈ పత్రిక చదివేవారిలో జన్యువుల జాలాలనో, కంప్యూటర్ వ్యవస్థలనో, అంటువ్యాధి ఒకరినుంచి ఒకరికి పాకిన తీరునో గ్రాఫులుగా గీసేవారు ఉంటారు. సోకినవారికి ఎరుపు, కోలుకున్నవారికి ఆకుపచ్చ ఇచ్చిన చిత్రం ముందు, వైద్యుణ్ణయి ఉండీ, నేను నోరు మెదపకుండా కూర్చున్న సభలు ఉన్నాయి. మీ చిత్రాన్ని సభకు తీసుకువెళ్ళే ముందు ఒక్కసారి నలుపు తెలుపుల్లో అచ్చువేసి చూడండి. అప్పటికీ గీతలు విడివిడిగా కనిపిస్తే, వెనక వరుసలో కూర్చున్న నాలాంటివాడు కూడా చేయెత్తి ప్రశ్న అడగగలుగుతాడు.