మీట నొక్కి, ఒక్క క్షణం ఆగి

వైర్‌లెస్ సెట్టు ముందు మొదటిసారి కూర్చున్న మనిషి దాదాపు తప్పకుండా చేసే పొరపాటు ఒకటుంది. మైకు మీది మీట నొక్కీ నొక్కకముందే నోరు తెరుస్తాడు. పడవ పేరులో మొదటి అక్షరం గాల్లో కలిసిపోతుంది. 'సీగల్' అన్నది అవతలివాళ్లకు 'గల్' అని వినిపిస్తుంది. రెండో పొరపాటు అంతకన్నా పెద్దది. చెప్పాల్సింది చెప్పేశాక మీట మీంచి వేలు తీయడు. ఫోనుకి అలవాటుపడ్డ చెయ్యి మరి! వేలు తీసేదాకా అవతలివాళ్ల జవాబు వినపడదు. పైగా చుట్టుపక్కల అదే చానల్లో ఉన్న పడవలన్నిటి నోరూ నొక్కేసినట్టే.

బ్రిటన్‌లో తెరచాప పడవల వాళ్లకు రాయల్ యాటింగ్ అసోసియేషన్ వీహెచ్‌ఎఫ్ రేడియో కోర్సు ఒకటి నడుపుతుంది. తరగతి గదిలో జరిగితే ఒక్కరోజు పని. శిక్షణ సెట్లను ఒకదానికొకటి తీగతో కలుపుతారు. మాట గది దాటదు. నిజం రేడియోలో, అందరూ చెవులప్పగించి ఉండే 16వ చానల్లో, ఉత్తుత్తి ఆపద పిలుపు ఇస్తే నేరం. అందుకని ఇక్కడ బల్లకి ఆ చివర కూర్చున్నాయనే కోస్ట్‌గార్డ్. ఈ చివర కూర్చున్నవాడి పడవ మునిగిపోతూ ఉంటుంది. పక్కనుంచి చూసేవాళ్లకు పిల్లలాటలా ఉంటుంది గానీ, మైకు చేతికొచ్చేసరికి పెద్ద పెద్ద ఆఫీసర్లకి కూడా గొంతు తడారిపోతుంది.

సెట్టు సంగతి కష్టం కాదు. వీహెచ్‌ఎఫ్ తరంగం చూపు ఆనినంత దూరం, మహా అయితే ఇంకొంచెం ముందుకు పోతుంది, అంతే. కాబట్టి గొంతు పెంచి లాభం లేదు, యాంటెన్నా ఎత్తు పెంచాలి. తెరచాప కొయ్య చిటారున 16 మీటర్ల ఎత్తులో యాంటెన్నా ఉన్న యాట్ అలాంటిదే మరో యాట్‌తో సుమారు 18 నాటికల్ మైళ్ల దూరం మాట్లాడగలదు. లైఫ్‌రాఫ్ట్‌లో కూర్చుని చేతిసెట్టు పట్టుకున్నవాడికి, అవతల కూడా అలాంటివాడే ఉంటే, నాలుగైదు మైళ్లు దాటదు. ఇక మూత కింద ఎర్ర మీట ఒకటుంటుంది. మూతెత్తి కొన్ని సెకన్లు నొక్కిపడితే పడవ తొమ్మిదంకెల గుర్తింపు సంఖ్య, అదున్న చోటు 70వ చానల్ మీదుగా వెళ్లిపోతాయి. ఎవరో ఒకరు అందుకునేదాకా సుమారు నాలుగు నిమిషాలకోసారి సెట్టే మళ్లీ పిలుస్తుంది. చోటు దానంతటదే వెళ్లేది మాత్రం జీపీఎస్ తీగ కలిపి ఉంటేనే సుమా. ఖరీదైన సెట్టు కొని ఆ తీగ సంగతి మరిచే మహానుభావులకు లోటు లేదు.

కష్టమంతా నాలుకతోనే. 'మేడే' మూడుసార్లు, పడవ పేరు మూడుసార్లు, కాల్‌సైన్, మళ్లీ ఒకసారి మేడే, పేరు. తర్వాత ఎక్కడున్నారు, ఏమైంది, ఏం కావాలి, ఎంతమంది ఉన్నారు, చివర 'ఓవర్'. 'ఓవర్ అండ్ అవుట్' అనేది సినిమావాళ్ల చలవ. ఓవర్ అంటే 'నీ వంతు', అవుట్ అంటే 'ఇక సెలవు'. రెండూ కలిపితే కుర్చీ వేసి కూర్చోమని, ఆ నోటితోనే వెళ్లిపొమ్మన్నట్టు. మేడే మాట కూడా సముద్రంలో పుట్టలేదు. లండన్ శివార్లలోని క్రోయిడన్ విమానాశ్రయంలో రేడియో అధికారి ఫ్రెడరిక్ మాక్‌ఫోర్డ్ 1920లలో దాన్ని సూచించాడు. పారిస్ రాకపోకలే ఎక్కువ కావడంతో, 'నాకు సాయం చెయ్యండి' అనే ఫ్రెంచి మాట ధ్వనిని పట్టుకున్నాడు.

ఆ వరుసలో అందరూ తడబడేది 'ఎక్కడ' దగ్గర. భయంలో మనిషి చోటు వదిలేసి, ఏమైందో కథ మొదట్నుంచీ ఎత్తుకుంటాడు. అక్షాంశ రేఖాంశాలు చదవొచ్చు, లేదా తెలిసిన గుర్తు నుంచి ఏ దిక్కున, ఎన్ని మైళ్లలో ఉన్నారో చెప్పొచ్చు. ఈ రెండోదాంట్లో ఒక మెలిక ఉంది. దిక్కు చెప్పాల్సింది గుర్తు నుంచి పడవ వైపు. కొత్తవాళ్లు పడవలోంచి దీపస్తంభం కనిపించే దిక్కు చెప్పేస్తారు. వెతికేవాళ్లు సరిగ్గా వ్యతిరేక దిక్కుకి పోతారు.

గదిలో అయితే నవ్వుకుంటారు. సముద్రంలో అది నవ్వులాట కాదు. 1998 డిసెంబరు 26న సిడ్నీ నుంచి హోబార్ట్‌కి పందెంలో 115 యాట్‌లు బయల్దేరాయి. మర్నాడు బాస్ జలసంధి దారిలో తుపాను విరుచుకుపడింది. వెంట వెళ్తున్న యంగ్ ఎండీవర్ ఓడలోంచి లూ కార్టర్ అనే రేడియో ఆపరేటరు వేళ ప్రకారం ఒక్కో పడవనీ పేరు పెట్టి పిలిచి ఎక్కడున్నదీ రాసుకుంటున్నాడు. చోటు చెప్పడం మామూలే. గాలి ఎంతుందో మాత్రం పందెంలో ఉన్నవాళ్లు చెప్పుకోరు, వెనకొచ్చే పోటీదారుకి ఉప్పందించినట్టవుతుంది కదా. ఆ మధ్యాహ్నం 'స్వోర్డ్ ఆఫ్ ఓరియన్' అనే యాట్ ఆ ఆనవాయితీ తప్పింది. తామున్న చోట 70 నాట్లు దాటిన ఈదురుగాలి వీస్తోందని అందరూ వినేలా చెప్పింది. విని వెనుదిరిగినవాళ్లున్నారు. చెప్పిన పడవే ఆ తర్వాత అలకి బోల్తా కొట్టి ఒక మనిషిని పోగొట్టుకుంది.

అదే రోజు 'విన్‌స్టన్ చర్చిల్' అనే పాత చెక్క యాట్ మేడే ఇచ్చింది. టూఫోల్డ్ బే అనే అఖాతానికి ఆగ్నేయంగా 20 మైళ్లు అని చెప్పింది. పైన తిరుగుతున్న ఒక టీవీ హెలికాప్టరు విని దాన్ని అందించింది. అయినా తొమ్మిదిమందీ ఎక్కిన రెండు లైఫ్‌రాఫ్ట్‌లు దొరికేసరికి ఒక రాత్రి గడిచిపోయింది. ఈలోగా ముగ్గురిని సముద్రం లాక్కుపోయింది. మొత్తం ఆ పందెంలో ఆరుగురు చనిపోయారు. 55 మందిని కాపాడగలిగారు. గమ్యం చేరినవి 44 యాట్‌లే. ఇప్పుడా పందెంలో గ్రీన్ కేప్ అనే అగ్రం దగ్గరికొచ్చాక, రేడియో పనిచేస్తోందనీ, పడవా మనుషులూ ముందుకెళ్లే స్థితిలో ఉన్నారనీ చెప్పనిదే జలసంధిలోకి వెళ్లడానికి లేదు. పందెం రహస్యం కన్నా సెట్టులో వినపడే గొంతుకి విలువెక్కువని ఒప్పుకోవడానికి అంత మూల్యం చెల్లించాల్సొచ్చింది.

మనవాళ్ల సంగతికొస్తే, 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి తారిణి అనే తెరచాప పడవ మీద ప్రపంచం చుట్టడానికి వెళ్లిన ఆరుగురు నౌకాదళ అధికారిణుల్లో విశాఖపట్నం అమ్మాయి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు. వాళ్లు సముద్రమెక్కే ముందు కూర్చున్న తరగతుల్లో దిక్సూచి, వాతావరణం పాఠాలతో పాటు కమ్యూనికేషన్ కూడా ఒకటి. పత్రికలు అలల ఫొటోలు వేశాయి గానీ ఆ తరగతి ఫొటో ఎవరూ వేయలేదు. వేస్తే ఎవరు చూస్తారు, మైకు పట్టుకుని 'ఆల్ఫా, బ్రావో, చార్లీ' వల్లెవేసే మనుషుల్ని!

విశాఖ రేవు నుంచి వేటకెళ్లే వాళ్లకి ఈ 'ఎక్కడ' పాఠం ఎవరూ చెప్పక్కర్లేదు. ఏ కొండ ఏ కొండ పక్కకి జరిగిందో, కింద ఎన్ని బారల లోతుందో కలిపి చెబితే పక్క బోటు సరంగుకి చోటు తెలిసిపోతుంది. కాకపోతే ఆ గుర్తులు ఎరగని ఓడవాడికి, ఆకాశంలోని విమానానికి అంకెలే కావాలి.

వీహెచ్‌ఎఫ్ కోర్సులో చివరికి ఒక అట్టముక్క రాయిస్తారు, సెట్టు పక్కన అంటించడానికి. పడవ పేరు, కాల్‌సైన్, తొమ్మిదంకెల సంఖ్య ముందే రాసిపెట్టి, చోటుకీ మనుషుల లెక్కకీ ఖాళీలు వదులుతారు. పడవలో సెట్టు వాడటం వచ్చిన ఏకైక మనిషే నీళ్లలో పడొచ్చు కాబట్టి, సరదాగా వెంట వచ్చినవాళ్ల చేత కూడా దాన్ని పైకి చదివిస్తారు. అలా చదువుతున్నవాళ్లు మనుషుల లెక్క దగ్గర ఆగిపోతారు. పడిపోయినవాణ్ని కూడా కలపాలా అని సందేహం. విడివిడిగా చెప్పమంటాడు నేర్పేవాడు: పడవలో ముగ్గురు, నీళ్లలో ఒకరు, ఓవర్. ఆపైన మీట మీంచి వేలు తీయమంటాడు.