పాత మోత, కొత్త మెప్పు

‘వుల్ఫ్‌మదర్’ తొలి ఆల్బం వినిపించి, “ఇది గతాన్ని తిరగదోడటమేనా మాస్టారూ?” అని అడిగాడు జంపనిలో ఒక విద్యార్థి. సిడ్నీకి చెందిన ముగ్గురు 2005లో తెచ్చిన ఈ రికార్డు 1970ల నాటి హెవీ రాక్‌కు నకలులా వినిపిస్తుంది. మెప్పు బాగానే దక్కింది. ఆ ఏడాదే ఆస్ట్రేలియాలో జె అవార్డు, 2007లో ‘ఉమన్’ పాటకు గ్రామీ వచ్చాయి.

పాత రూపాన్ని తీసుకోవటం నేరం కాదు. 1940లలో ప్రజానాట్యమండలి, నాజర్ జంగం కథను తీసుకోలేదా? అయితే వారు దానిలోకి బెంగాల్ కరువును తెచ్చారు. వస్తువు మారేసరికి కథకుడి గొంతూ అడుగూ మారాయి.

ఇక ఈ మోత పుట్టుక చూడండి. బర్మింగ్‌హామ్ రేకుల కర్మాగారంలో టోనీ అయొమీ కుడిచేతి రెండు వేళ్ళ కొసలు యంత్రంలో తెగిపోయాయి. ప్లాస్టిక్ కరిగించి తొడుగులు చేసుకుని, సన్నతీగలు బిగించి గిటారు వాయించాడు. 1970లో అతని ‘బ్లాక్ సబ్బత్’ తొలి ఆల్బం వస్తే పేరుమోసిన విమర్శకులు ఈసడించారు, జనం కొన్నారు. 35 ఏళ్ళకు అదే మోత, ఆ యంత్రం ఊసు లేకుండా వస్తే విమర్శకులకు నచ్చింది!

వుల్ఫ్‌మదర్‌కు సత్తువ లేదనను. ‘ఉమన్’ మూడు నిమిషాల్లోపే మనిషిని కుదిపేస్తుంది. కాని ‘వైట్ యునికార్న్’, ‘విచ్‌క్రాఫ్ట్’ అన్న పేర్లే చాలు, వారి చూపు ఎటో తెలియటానికి. వారి కాలపు సిడ్నీ అందులో దాదాపు వినపడదు.

అడిగిన కుర్రవాడు బుర్రకథలో గుమ్మెట వాయిస్తాడు. “అచ్చం నాజర్ బాణీ” అని పోటీల్లో మెచ్చుకున్నారట. నీ కథలో ఇక్కడి కౌలురైతు ఎక్కడున్నాడని అడిగాను. ఇంకా రాయలేదన్నాడు.