అద్దె గది: బరోడా నుంచి సత్తెనపల్లి దాకా

'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లోని 1917 నాటి బరోడా ఘట్టాన్ని మనం అవమాన కథగానే చదువుతున్నాం. అంబేద్కర్ పార్శీల సత్రంలో పార్శీ పేరు చెప్పుకొని దిగారు. పదకొండో రోజున కర్రలతో వచ్చి ఖాళీ చేయమన్నారు. అంతటితో ఆపేస్తాం. నాకు మాత్రం అంతకుముందు గడిచిన ఆ పది రాత్రులే ముఖ్యం. కరెంటు లేని మేడ, గబ్బిలాల అరుపులు, పట్టుబడతాననే భయం. గది దొరికింది గాని వెలివాడ తప్పలేదు.

ఉన్నవ పుట్టిన వేములూరుపాడు సత్తెనపల్లి తాలూకాలోదే. 'మాలపల్లి' (1922) చూపు పల్లె మీద. తర్వాత వచ్చిన మన విమర్శ కూడా గుడినీ బావినీ పట్టుకున్నంతగా 'టులెట్' బోర్డును పట్టుకోలేదు.

సత్తెనపల్లిలో నేను మొదటిసారి గది అడిగితే, ఇంటావిడ మంచినీళ్ళిస్తూనే "మీరేవుట్లు బాబూ?" అంది. నిజం చెప్పా. చుట్టాలొస్తున్నారు, గది ఇవ్వలేమంది. బరోడాలో హిందూ మిత్రుడు చెప్పిన సాకు వేరు: నువ్వొస్తే నౌకర్లు వెళ్ళిపోతారని. తప్పు ఎప్పుడూ ఇంకెవరిదో!

"ఏదో ఒకటి చెప్పాల్సింది గదరా" అంది మా అమ్మ. అంబేద్కర్ చేసిందీ అదే. దాన్ని బలహీనత అనేవాళ్ళు ఏనాడైనా ఇలా గుమ్మంలో నిలబడ్డారా? రాజ్యాంగం 15(2)లో దుకాణం, హోటలు, బావి ఉన్నాయి. ఇంటిపై అద్దె గది మాట లేదు.