రెండు ప్రశ్నలు కట్టిన తీరు

ఒక దేశం మీదికి ఎవరూ ఎరగని రోగం రాబోతోంది. ఊరుకుంటే 600 మంది పోతారని అంచనా. ఎదుర్కోవడానికి రెండు పథకాలున్నాయి. మొదటిది అమలు చేస్తే 200 మంది బతుకుతారు. రెండోది అమలు చేస్తే 600 మందీ బతికే అవకాశం మూడింట ఒక వంతు, ఒక్కరూ బతకని అవకాశం మూడింట రెండు వంతులు. నిర్ణయం మీదే అయితే ఏది ఎంచుకుంటారు?

1981 జనవరిలో అమెరికా పత్రిక ‘సైన్స్’లో ఈ ప్రశ్న అచ్చయింది. రాసినవాళ్లు ఇజ్రాయెల్ మనస్తత్వ శాస్త్రవేత్తలు ఆమోస్ ట్వెర్‌స్కీ, డేనియల్ కానెమన్. జవాబు చెప్పిన 152 మందిలో నూటికి 72 మంది మొదటి పథకం చాలన్నారు. చేతికందే 200 ప్రాణాలు వదిలేసి జూదం ఎందుకు? సబబుగానే ఉంది. మరో 155 మందికి అదే రోగం, అదే 600 మంది, పథకాలు మాత్రం వేరే మాటల్లో చెప్పారు. ఒకటి అమలు చేస్తే 400 మంది చనిపోతారు. రెండోది అమలు చేస్తే ఎవరూ చనిపోని అవకాశం మూడింట ఒక వంతు, 600 మందీ చనిపోయే అవకాశం మూడింట రెండు వంతులు. ఈసారి నూటికి 78 మంది జూదానికే దిగారు. 400 మందిని చేతులారా చావుకు వదిలేస్తామా అన్నది వాళ్ల వాదన. అదీ సబబుగానే ఉంది. కానీ 600 మందిలో 200 మంది బతికారంటే 400 మంది పోయినట్టే కదా!

మనిషి లాభం కనపడితే జాగ్రత్తపడతాడని, నష్టం కనపడితే తెగిస్తాడని ఈ ప్రయోగం చెప్పిన సంగతి ఇప్పుడు బీమా, బ్యాంకు, వ్యాపార పాఠాలు చదివిన ప్రతివాళ్లకీ తెలుసు. ఆ ఫలితం ఎన్ని పుస్తకాల్లో తిరిగిందో లెక్కలేదు. ప్రశ్న కట్టడంలో ఉన్న పనితనాన్ని మాత్రం ఆగి చూసినవాళ్లు తక్కువ. ఈ ఇద్దరూ పెద్ద పరికరాలేవీ వాడలేదు. కాగితం మీద నాలుగైదు వాక్యాలు రాసి ఇచ్చారు. ఆ వాక్యాల్లో ఒక్క మాట అటూ ఇటూ అయినా ప్రయోగం చెడేది.

600 అన్న అంకెతోనే మొదలుపెడదాం. దాన్ని మూడుతో భాగిస్తే సరిగ్గా 200 వస్తుంది. మూడింట ఒక వంతు అవకాశంతో 600 మందిని కాపాడే పథకానికీ, ఖాయంగా 200 మందిని కాపాడే పథకానికీ సగటు ఒకటే. కంసాలి త్రాసులో రెండు సిబ్బెలూ సరితూగేలా పెట్టి, ముల్లు ఏ వైపు ఒరిగినా ఆ బరువు మాటదే అని తేల్చడం లాంటిది ఈ ఏర్పాటు. 200 బదులు 210 అని ఉంటే, నేను లెక్క కట్టి ఎంచుకున్నానని చెప్పుకునే వీలుండేది. ఆ వీలు ఇక్కడ లేదు.

తర్వాత, రోగం కొత్తది. ఇదీ యాదృచ్ఛికం కాదనే నా నమ్మకం. 1973లోనే ఈ జంట ఒక సంగతి రుజువు చేసింది: ఏది సులువుగా గుర్తొస్తే అదే ఎక్కువసార్లు జరుగుతుందని మనం అనుకుంటాం. ఇంగ్లీషు మాటల్లో ‘కె’ అక్షరం మొదట ఎక్కువగా వస్తుందా, మూడో స్థానంలో ఎక్కువగా వస్తుందా అని వాళ్లు అడిగారు. అలాంటివే మరో నాలుగు అక్షరాల గురించీ అడిగారు. ఆ అయిదూ నిజానికి మూడో స్థానంలోనే ఎక్కువగా వస్తాయి. 152 మందిలో 105 మంది మాత్రం, వాటిలో ఎక్కువ అక్షరాలు మొదట్లోనే ఎక్కువగా వస్తాయన్నారు. మొదటి అక్షరంతో మాటలు తోచినంత తేలిగ్గా మూడో అక్షరంతో తోచవు మరి. ప్రమాదాల విషయంలోనూ మన తీరు ఇంతే. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం యూజీన్‌లో పనిచేసిన పాల్ స్లోవిక్, సారా లిక్టెన్‌స్టైన్, బరూక్ ఫిష్‌హాఫ్ బృందం 1978లో, ఏ కారణంతో ఎందరు చనిపోతారో చెప్పమని జనాన్ని అడిగింది. సుడిగాలి లాంటి వార్తలకెక్కే చావుల్ని జనం ఎక్కువగా అంచనా వేశారు. మధుమేహం లాంటి చప్పుడు చెయ్యని చావుల్ని బాగా తగ్గించి చెప్పారు. ఆ 600 మంది ప్రశ్నలో మలేరియా అనో మశూచి అనో రాసి ఉంటే చదివేవాళ్ల జ్ఞాపకాలు, భయాలు వచ్చి త్రాసులో కూర్చునేవి. ఎవరూ ఎరగని రోగం అనేసరికి ఆ దారి మూసుకుపోయింది.

(అసలు పాఠంలో దాన్ని ఆసియా రోగం అని రాశారు. ఈ ఒక్క మాట నాకు నచ్చదు. ఇప్పటి పరిశోధకుల్లో చాలామంది దాన్ని తీసేసే వాడుతున్నారు, ప్రశ్నకు ఏ లోటూ రావడం లేదు.)

ఇంకొక చిన్న వాక్యం ఉంది. పథకాల ఫలితాల గురించి శాస్త్రజ్ఞులు చెప్పిన అంచనా కచ్చితమైనదే అనుకోమని. చదివేటప్పుడు కంటికి ఆనదు. అది లేకపోతే, ఈ శాస్త్రజ్ఞుల మాటకు భరోసా ఏమిటి అని సందేహించి తప్పుకునేవాళ్లు ఎందరో ఉండేవారు. మంచి ప్రశ్న కట్టేవాడికి అడగడం ఒక్కటే వస్తే చాలదు. జవాబు చెప్పేవాడు పారిపోయే సందుల్ని ముందే పసిగట్టి మూసెయ్యడం కూడా రావాలి.

అదే వ్యాసంలోని నాటకం టికెట్ ప్రశ్నలో ఈ జాగ్రత్త ఇంకా తేటగా కనిపిస్తుంది. నాటకం చూద్దామని వెళ్లారు, టికెట్ 10 డాలర్లు. తలుపు దగ్గర చూసుకుంటే 10 డాలర్ల నోటు పోయింది. అయినా టికెట్ కొంటారా? నూటికి 88 మంది కొంటామన్నారు. రెండో పాఠంలో, టికెట్ ముందే కొన్నారు, తలుపు దగ్గర చూస్తే ఆ టికెట్టే పోయింది. మళ్లీ 10 డాలర్లు పెట్టి కొంటారా? ఈసారి కొంటామన్నవాళ్లు నూటికి 46 మందే. రెండు చోట్లా పోయింది 10 డాలర్ల విలువే. కానీ పోయిన నోటును ఎవరూ నాటకం ఖాతాలో రాసుకోరు. టికెట్ పోతే మాత్రం ఒక నాటకానికి 20 డాలర్లా అని మనసు గొణుగుతుంది. ఈ రెండో పాఠంలో, సీటుకు నంబరు లేదు, టికెట్ తిరిగి దొరకదు అని ఒక వాక్యం చేర్చారు. నంబరుంటే గేటు దగ్గర బతిమాలుకోవచ్చు కదా అని తెలివైన విద్యార్థి ఎవరైనా అనగలడు. ఆ విద్యార్థికి ముందే సమాధానం చెప్పి కూర్చున్నారన్నమాట.

ఇంకో ప్రశ్నలో కోటూ కాలిక్యులేటరూ కొనాలి. ఒకటి 125 డాలర్లు, ఒకటి 15. కాలిక్యులేటర్ మరో కొట్లో 5 డాలర్లు తక్కువకు దొరుకుతుందని అమ్మేవాడే చెప్పాడు. కారులో 20 నిమిషాల దూరం. వెళతారా? కాలిక్యులేటర్ ధర 15 డాలర్లని చదివినవాళ్లలో నూటికి 68 మంది వెళతామన్నారు. 125 అని చదివినవాళ్లలో 29 మందే. రెండు గుంపులకూ ఒకే కథ చెప్పి, కోటు ధరా కాలిక్యులేటర్ ధరా తారుమారు చేశారు, అంతే. మొత్తం బిల్లు రెండు చోట్లా 140 డాలర్లే. తగ్గింపు రెండు చోట్లా కాలిక్యులేటర్ మీదే. కోటు మీద మోజుతో వెళ్లారేమో అనడానికి సందు లేదు.

ఇన్ని పొగిడాక 600 మంది ప్రశ్నలో ఉన్న లొసుగు కూడా చెప్పాలి. మొదటి పథకం గురించి 200 మంది బతుకుతారని రాశారు, మిగతా 400 మంది ఊసెత్తలేదు. జూదం పథకానికి మాత్రం రెండు వైపులూ చెప్పారు. కనీసం 200 మంది అని కొందరు అర్థం చేసుకుని ఉండొచ్చు కదా! ఆస్ట్రియాకు చెందిన ఆంటన్ క్యూబెర్గర్ 1995లో ఈ అతుకు దగ్గరే వేలు పెట్టాడు. చెప్పకుండా వదిలిన సగాన్ని కూడా పూర్తిగా చెప్తే ప్రభావం నిలబడలేదని చూపించాడు. వదిలిన సగాన్ని పూరించకుండా, దాదాపు అవే మాటలతో అసలు ప్రశ్ననే 2014లో అనేక ప్రయోగశాలలు కలిసి మళ్లీ అడిగినప్పుడు మాత్రం ఫలితం నిలిచింది, మొదట కనిపించినంత పెద్దదిగా కాకపోయినా.

అందుకే నా దృష్టిలో వాళ్ల అసలైన పనితనం 1979లో ‘ఎకనోమెట్రికా’ పత్రికలో వచ్చిన వ్యాసంలోని 11, 12 నంబర్ల జంటలో ఉంది. ఇవి 600 మంది ప్రశ్నంత పేరు తెచ్చుకోలేదు. 11వ ప్రశ్నలో, మీకున్న ఆస్తికి తోడు 1,000 ఇచ్చారు. ఇప్పుడు ఇంకో 500 ఖాయంగా తీసుకుంటారా, లేక సగానికి సగం అవకాశంతో ఇంకో 1,000 కోసం పందెం కాస్తారా? నూటికి 84 మంది ఖాయమైన 500 చాలన్నారు. 12వ ప్రశ్నలో 2,000 ఇచ్చారు. ఇప్పుడు ఖాయంగా 500 వదులుకుంటారా, లేక సగానికి సగం అవకాశంతో 1,000 పోయే పందెం కాస్తారా? నూటికి 69 మంది పందెమే అన్నారు. చివరికి చేతిలో మిగిలేది లెక్కెయ్యండి. రెండు ప్రశ్నల్లోనూ ఖాయమైన దారిలో 1,500, పందెంలో 1,000 గానీ 2,000 గానీ. ఇక్కడ చెప్పకుండా వదిలిన సగం లేదు, అంకెలన్నీ ఎదురుగానే ఉన్నాయి. 1738లో డేనియల్ బెర్నూలీ నాటి నుంచి అర్థశాస్త్రం, మనిషి తన మొత్తం ఆస్తిని చూసుకుని నిర్ణయిస్తాడని నమ్మింది. అదే నిజమైతే ఈ రెండు ప్రశ్నలకూ ఒకే జవాబు రావాలి. మనిషి ముందే చేతిలో పడ్డ సొమ్మును లెక్కలోంచి తీసేసి, తాను నిలబడ్డ చోటు నుంచి పైకీ కిందికీ కొలుచుకుంటాడని ఈ జంట చూపించింది. రెండు వందల ఏళ్లు దాటిన నమ్మకాన్ని కదపడానికి వాళ్లకు పట్టింది అర పేజీ.

అదే వ్యాసంలో 14వ ప్రశ్నా ముచ్చటైనదే. వెయ్యింట ఒక్క అవకాశంతో 5,000 గెలిచే పందెం కావాలా, ఖాయంగా 5 కావాలా అంటే నూటికి 72 మంది పందెం అన్నారు. దాన్నే తిప్పి, వెయ్యింట ఒక్క అవకాశంతో 5,000 పోయే ముప్పు భరిస్తారా, ఖాయంగా 5 కట్టేస్తారా అంటే నూటికి 83 మంది కట్టేస్తామన్నారు. లాటరీ టికెట్ కొనే మనిషే బీమా ప్రీమియం కూడా ఎందుకు కడతాడన్న పాత చిక్కు ఇది. ఒకే అంకెలకు గుర్తు మార్చి రెండింటినీ పక్కపక్కన నిలబెట్టారు. అరుదైన సంగతికి మనసు దాని లెక్కను మించిన బరువిస్తుంది. గెలుపులో అది ఆశగా, నష్టంలో భయంగా పని చేస్తుంది.

ఈ ‘ఎకనోమెట్రికా’ ప్రశ్నల్లోని మొత్తాలన్నీ ఇజ్రాయెల్ పౌండ్లు. అప్పట్లో అక్కడి మధ్యస్థ కుటుంబ నెల ఆదాయం సుమారు 3,000 పౌండ్లని వ్యాసంలోనే రాశారు. 5,000 అంటే ఎంత పెద్ద మాటో చదివేవాడికి తెలియాలి కదా. ప్రశ్నల వరస మార్చి రకరకాల పత్రాలు తయారుచేశారు. ఎడమ పక్కనున్న ఎంపికను కొన్ని పత్రాల్లో కుడికి మార్చారు. నిజం డబ్బు చేతులు మారలేదు, జవాబులిచ్చినవాళ్లు ఎక్కువగా విశ్వవిద్యాలయం వాళ్లే అన్న విమర్శ న్యాయమైనదే. స్టాక్‌హోమ్‌లో, మిషిగన్‌లో కూడా అడిగి చూశామని వాళ్లు రాసుకున్నా ఆ విమర్శ పూర్తిగా తీరదు.

నిజం ప్రాణాలకు దగ్గరగా వచ్చిన పని 1982లో జరిగింది. బార్బరా మెక్‌నీల్ అనే వైద్యురాలు, మరో ఇద్దరు వైద్యులు, ట్వెర్‌స్కీ కలిసి ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు ఆపరేషన్ మేలా, రేడియేషన్ మేలా అని అడిగారు. కొందరికి, ఆపరేషన్ చేయించుకున్న 100 మందిలో 90 మంది బయటపడతారని చెప్పారు. కొందరికి 100 మందిలో 10 మంది చనిపోతారని చెప్పారు. బతికే లెక్క విన్నవాళ్లలో నూటికి 18 మంది రేడియేషన్ వైపు మొగ్గితే, చనిపోయే లెక్క విన్నవాళ్లలో 44 మంది మొగ్గారు. జవాబు చెప్పినవాళ్లలో రోగులతో పాటు డాక్టర్లూ ఉన్నారు, వాళ్లూ మాటకు లోబడ్డారు. ఆపరేషన్ కాగితాల మీద సంతకం పెట్టే మన ఇళ్లల్లో ఈ అంకెలు చదివితే బాగుంటుంది.

ఇంత చెక్కుడు ఎలా సాధ్యమైందంటే, ఇద్దరూ కూర్చుని మాట్లాడుకునేవారు, నడుస్తూ మాట్లాడుకునేవారు. 1969లో జెరూసలేం హీబ్రూ విశ్వవిద్యాలయంలో మొదలైంది ఆ స్నేహం. తమ మీద తామే ప్రశ్నలు ప్రయోగించుకునేవారు. తమకు తట్టిన తప్పుడు జవాబే ఇతరులకూ తడుతుందని వాళ్ల పందెం. మొదటి వ్యాసం మీద ఎవరి పేరు ముందుండాలో నాణెం ఎగరేసి తేల్చుకున్నారు. ప్రయోగంలో ఒక్కొక్కరు ఒక్క పాఠమే చదివారు. పత్రిక పాఠకుడు మాత్రం రెండూ చదువుతాడు, లెక్క ఒకటేనని తెలిశాక కూడా 400 మంది చావు దగ్గర తన మనసు తడబడటం గమనిస్తాడు. ఇతరుల మూర్ఖత్వం అని నవ్వి పేజీ తిప్పనివ్వరు. ఆ వ్యాసాలు ఇన్నేళ్లు బతకడానికి ఇదే కారణమని నా అభిప్రాయం. వాటి వెనకున్న గణితానికి వంక పెట్టినవాళ్లు ఉన్నారు, ఆ ప్రశ్నల్ని మరిచిపోయినవాళ్లు నాకు తగల్లేదు.

ట్వెర్‌స్కీ 1996లో, 59 ఏళ్లకే పోయాడు. కానెమన్‌కు 2002లో అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది. 2024లో ఆయనా వెళ్లిపోయాడు. ‘ఎకనోమెట్రికా’ వ్యాసం 29 పేజీలు. సూత్రాలు కొరుకుడు పడకపోతే దాటెయ్యండి, ప్రశ్నలు మాత్రం ఇంటర్ చదివే పిల్లలకు కూడా అర్థమయ్యే ఇంగ్లీషులో ఉన్నాయి. ప్రతి ప్రశ్న కిందా నూటికెందరు ఏమన్నారో బ్రాకెట్లలో వేశారు. ఆ అంకెల మీద చెయ్యి అడ్డం పెట్టి, ముందు మీ జవాబు రాసుకుని, తర్వాతే చూడండి.