యజమాని: వర్తించదు

మా దగ్గర చదువుకుని ఇప్పుడు ఐటీఐలోనూ డిగ్రీలోనూ ఉన్న పిల్లలు కొందరు ఒక రైలు ఆట ఆడుతున్నారు. పేరు ఓపెన్ టీటీడీ. తిరుపతి దేవస్థానానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. ట్రాన్స్‌పోర్ట్ టైకూన్ డీలక్స్ అనే పాత కంప్యూటర్ ఆట పేరుకు అవి పొడి అక్షరాలు. స్కాట్లండ్‌కు చెందిన క్రిస్ సాయర్ 1994లో ట్రాన్స్‌పోర్ట్ టైకూన్ తయారు చేశాడు. మరుసటి ఏడు డీలక్స్ వచ్చింది. దాని పనితీరును విప్పి చూసి ఔత్సాహికులు తిరిగి రాసుకున్నదే ఓపెన్ టీటీడీ. 2004 నుంచి ఉచితంగా దొరుకుతోంది. పాత కంప్యూటర్‌లో నడుస్తుంది, ఫోన్‌లో కూడా నడుస్తుంది. అందుకే మన పిల్లల దాకా వచ్చింది.

ఆటలో మనకొక కంపెనీ, కొంత అప్పు, పచ్చని మ్యాప్ ఇస్తారు. పట్టాలు వేసి, స్టేషన్లు కట్టి, ఇంజన్లు కొని సరుకు మోయాలి. మామూలుగా 1950లో మొదలై 2050లో లెక్క తేలుతుంది. ఆడేవాళ్లు కొత్తవాళ్లకు చెప్పే మొదటి సలహా దాదాపు ఒకటే: బొగ్గు గని వెతుకు, పవర్ స్టేషన్ వెతుకు, రెండింటినీ కలుపు. గోదావరిఖనిలో పెరిగిన పిల్లవాడికి ఈ సలహా ఎవరూ చెప్పనక్కర్లేదు.

సినిమా మీద, నవల మీద, పాట మీద మనం విమర్శ రాసుకున్నాం. పిల్లలు రోజుకు రెండు గంటలు కూర్చునే ఆట మీద మాత్రం ఒక్క మాటా రాయలేదు. "ఫోన్‌తో చెడిపోతున్నారు" అనడం విమర్శ కాదు. అందుకని ఈ ఆట గురించి ఆడేవాళ్లు ఏమనుకుంటున్నారో విని, ఆ అభిప్రాయాలను మన కళ్లతో ఒకసారి చూడాలనుకున్నాం.

ఆటగాళ్లు దేన్ని మెచ్చుకుంటారు? ముందుగా సిగ్నళ్లను. ఒకే పట్టాల మీద నాలుగు రైళ్లు పెడితే ఒకదానికొకటి అడ్డం పడి నిలిచిపోతాయి. ఎక్కడ సిగ్నల్ పెట్టాలి, ఎక్కడ లూప్ లైను వేయాలి అని తల పట్టుకుని, చివరికి అన్నీ కదిలితే వచ్చే ఆనందమే వేరంటారు. ఈ మెప్పులో న్యాయముంది. మా అనుభవంలో లెక్కల పుస్తకం ముందు ఆవులించే పిల్లవాడు ఈ ఆటలో దూరం, సమయం, బరువు, ఖర్చు కలిపి లెక్క వేస్తున్నాడు. ఒక రైలు ఆలస్యమైతే వెనక ఎన్ని ఆగుతాయో చెప్పగలుగుతున్నాడు.

రెండోది, ఏది నిందిస్తారు? కొన్నేళ్లు గడిచాక డబ్బుకు విలువ ఉండదని. నాలుగు బొగ్గు లైన్లు పడితే చాలు, ఆ పైన నష్టపోవడమే కష్టం. అప్పుడిది వ్యాపారం ఆట కాకుండా బొమ్మరైళ్ల ఆటైపోతుందని చాలామంది ఫిర్యాదు. సిడ్ మైయర్ 1990లో తెచ్చిన రైల్‌రోడ్ టైకూన్‌ను ఇష్టపడేవాళ్లు ఇంకో అడుగు ముందుకు వేసి, షేర్ల మార్కెట్టు లేని రైలు వ్యాపారం ఏం వ్యాపారమంటారు. ఈ మాటకు మళ్లీ వద్దాం.

రామగుండం పిల్లలు చెప్పే అభిప్రాయం వేరేచోట పిల్లలకు తోచేది కాదు. ఎన్టీపీసీ రామగుండం కేంద్రంలో మొదటి యూనిట్ 1983లో మొదలైంది, తర్వాత ఏడు యూనిట్లతో 2,600 మెగావాట్లకు పెరిగింది. దానికి బొగ్గు మోసే రైలును ఇక్కడ అందరూ ఎంజీఆర్ అంటారు, అంటే మేరీ గో రౌండ్. గని దగ్గర బంకర్ కింద మెల్లగా కదులుతూనే వ్యాగన్లు నిండుతాయి. ప్లాంటు దగ్గర అడుగు తలుపులు తెరుచుకుని బొగ్గు కిందికి జారుతుంది. బండి వెనక్కి తిరగనక్కర్లేదు, చుట్టు తిరిగి మళ్లీ గనికి పోతుంది. ఆటలో ఇదే పద్ధతిని అనుభవమున్న ఆటగాళ్లు గొప్ప కిటుకుగా నేర్పుతారు: రైలు ఒకవైపు నుంచి వచ్చి రెండోవైపు నుంచి పోయే స్టేషన్ కట్టు, ఇంజన్ తిప్పే పని పెట్టుకోకు. మన పిల్లలు మొదటిరోజే ఇది వేశారు. "ఇది మా ఇంటెనక ఉన్నదే కద సారు" అన్నాడొకడు.

అయితే వెంటనే వాడికే ఒక చిక్కు కనిపించింది. ఆటలో సరుకును ఎంత దూరం మోస్తే అంత డబ్బు. కాబట్టి తెలివైనవాడు పవర్ స్టేషన్ పక్కనున్న గనిని వదిలేసి మ్యాప్ ఆ చివరనున్న గనికి పోతాడు. రామగుండంలో జరిగింది దీనికి తలకిందులు. బొగ్గు మోయడం ఖర్చు కాబట్టే పవర్ స్టేషన్ బొగ్గు దగ్గరికి వచ్చింది. ఆటలో ఆ మోత ఖర్చు ఎవరి కరెంటు బిల్లులోనూ పడదు. ఆటగాళ్లలో కొందరు దీన్ని లోపమన్నారు, కొందరు ఆట సాగాలంటే అలాగే ఉండాలన్నారు. మేము మొదటివాళ్ల పక్షం. బొగ్గు లైను మీద ఇంత లెక్క నడిచే గోదావరిఖనికి ప్రయాణికుల రైల్వే స్టేషన్ లేదన్నది కూడా ఇక్కడే చెప్పుకోవాలి. బొగ్గుకు పట్టాలున్నాయి. మనుషులు మాత్రం ఆటో ఎక్కి రామగుండం స్టేషన్‌కు పోవాలి.

అసలు విషయం దీని తర్వాత ఉంది. ఆటలో ప్రశ్నార్థకం గుర్తున్న ఒక బటన్ ఉంటుంది. అది నొక్కి మ్యాప్ మీద ఏ గడిని తాకినా ఆ నేల వివరాలు చిన్న పెట్టెలో కనిపిస్తాయి. గడ్డి నేల, చెట్ల నేల, రాళ్ల నేల, ఏదైనా సరే. అందులో యజమాని ఎవరు అనే వరుస ఎదురుగా ఇంగ్లీషులో ఎన్/ఏ అని ఉంటుంది. వర్తించదు అని. ఎవరూ లేరని కాదు, ఆ ప్రశ్నే ఇక్కడ పుట్టదని. అదే పెట్టెలో చదును చేయడానికి అయ్యే ఖర్చు మాత్రం అంకెల్లో ఉంటుంది.

పోడు పట్టాకు అర్జీ పెట్టుకున్న ఇంటి పిల్లకు ఈ వరుస కొత్త కాదు. పాత రికార్డులో ఒకచోట పోరంబోకు, ఇంకోచోట బంజరు, మరోచోట రిజర్వు అడవి. దున్నిన మనిషి పేరు లేదు. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చాకే, 2005 డిసెంబరు 13కు ముందు నుంచి సాగులో ఉన్నవాళ్లు తమ పేరు చెప్పుకునే దారి ఏర్పడింది. ఈ ఆట మీద సిగ్నళ్ల గురించి, ఇంజన్ల వేగం గురించి, డబ్బు సులువు గురించి ఎంతెంతో మాట్లాడతారు. ఈ ఒక్క వరుస గురించి మాత్రం మేము విన్న ఆటగాళ్లలో ఎవరూ మాట్లాడలేదు. ఆట దేన్ని లెక్కపెడుతుందో ఆటగాడు దాన్నే విమర్శిస్తాడు. ఆట లెక్కపెట్టనిది ఆటగాడి కంటికి కూడా ఆనదు.

"మరీ అన్యాయం సారు, ఇది ఆట, ఇందులో రాజకీయాలెందుకు" అని ఒక డిగ్రీ విద్యార్థి మాతో వాదించాడు. కానీ రాజకీయాలు ఆటలో ముందే ఉన్నాయి. ప్రతి ఊరికీ ఒక స్థానిక సంస్థ ఉంటుంది. మన కంపెనీ మీద దానికి మంచి అభిప్రాయమో చెడ్డ అభిప్రాయమో ఉంటుంది. చెట్లు నరికితే ఆ అభిప్రాయం పడిపోతుంది. మరీ పడిపోతే కొత్త స్టేషన్‌కు అనుమతి ఇవ్వదు. అప్పుడు ఆటగాళ్లు చెప్పే కిటుకు: ఊరి చుట్టూ వరుసగా చెట్లు నాటు, అభిప్రాయం మళ్లీ లేస్తుంది. దానికీ ఓపిక లేకపోతే లంచం ఇచ్చే బటన్ ఉంది, దొరికిపోతే చిక్కే. లంచాన్ని గుర్తుంచుకున్న ఆటలో రైతు భూమికి మాత్రం చోటు దొరకలేదు. ఇది మరుపు కాదు, ఎంపిక.

చెట్ల సంగతి ఇంకొంచెం చూడాలి. ఆటలో ఏ చెట్టయినా చెట్టే. నరికినచోట ఒకటి, నాటినచోట ఇంకొకటి, లెక్క సరి. ఇప్పపూలు ఏరుకునే ఇంట్లో ఎవరినైనా అడగండి, ఇప్పచెట్టు పోయి నీలగిరి మొక్క వస్తే లెక్క సరి అవుతుందా? గని తవ్విన మట్టి గుట్టల మీద పెంచిన తోటను అడవి అనే అలవాటు బయట ఎంత బలంగా ఉందో, ఆటలో కూడా అంతే బలంగా ఉంది.

ఇంకొక సంగతి మమ్మల్ని ఆశ్చర్యపరిచింది. ఈ ఆటలో విపత్తులు అనే విభాగముంది. అందులో ఒకటి, బొగ్గు గని కింద భూమి కుంగి చుట్టుపక్కల నాశనం కావడం. వార్తాపత్రిక రూపంలో తెర మీద కబురు వస్తుంది. భూగర్భ గనుల మీద కాపురాలున్న మన ప్రాంతానికి అది ఆట కబురు కాదు. కాని సెట్టింగుల్లో విపత్తులను ఆపేయవచ్చు. చాలామంది ఆపేసే ఆడతారు, కట్టింది పాడవుతుందని. గని నేలను తాకే ఒకే ఒక్క చోటు అలా బటన్ వెనక పోయింది. ఇక గని మూతపడితే ఆ గడుల్లో కొన్నాళ్లకు గడ్డి మొలుస్తుంది. గుంత ఉండదు, మట్టి గుట్ట ఉండదు. ఓపెన్ కాస్ట్ అంచున నిలబడి చూసినవాళ్లెవరూ ఆ గడ్డిని నమ్మరు.

ఇప్పుడు షేర్ల మార్కెట్టు కావాలన్నవాళ్ల దగ్గరికి వద్దాం. వాళ్లు కోరుకునే ఆట మన నేల మీద ఒకసారి ఆడేశారు. నిజాం రాజ్యంలో రైలు లైన్లను 1880లలో లండన్‌లో పెట్టిన కంపెనీకి అప్పగించారు. పెట్టుబడికి ఇంత వడ్డీ అని నిజాం ప్రభుత్వం హామీ పడింది. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే అన్న పేరులోనే ఆ హామీ ఉంది. రైలును చాందా వైపు పొడిగించే పథకం మీద 1883లో హైదరాబాదులో గొడవ లేచింది. ఒప్పందం వివరాలు జనానికి చెప్పండి అన్నందుకు సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయను రాజ్యం నుంచి పంపించేశారు. 1886లో గనుల హక్కులు హైదరాబాద్ దక్కన్ కంపెనీకి దక్కాయి. ఆ కంపెనీ షేర్ల మీద లండన్‌లో ఎంత రచ్చ అయిందంటే 1888లో బ్రిటిష్ పార్లమెంటు సంఘమే విచారణకు కూర్చుంది. ఆ కంపెనీయే 1920లో సింగరేణి కాలరీస్ అయింది.

1883 గొడవలో నిలబడిన చదువుకున్నవాళ్లు ధైర్యవంతులే. అయినా వాళ్ల ప్రశ్న ఖజానా గురించి. లైను పోయే అడవి గురించిన ప్రశ్న 46 ఏళ్ల తర్వాత కాజీపేట నుంచి బల్హార్షా దాకా లైను పూర్తయినప్పుడు, 1929లో, మనవాళ్ల ముంగిట్లోకి వచ్చింది. రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి, సిర్పూర్ మీదుగా మద్రాసుకూ ఢిల్లీకీ నేరుగా దారి పడింది. ఆ దారిలో ఒక స్టేషన్ పేరు ఆసిఫాబాద్ రోడ్. పేరు చివర రోడ్ అని ఉంటే ఊరు అక్కడ లేదని అర్థం, దిగి ఇంకా చాలా దూరం పోవాలి. రైలు ఊరి కోసం రాలేదని ఆ బోర్డు ఇప్పటికీ చెబుతోంది. బొగ్గు, కలప ఆ పట్టాల మీద పోయాయి. బయటి రైతులు, వ్యాపారులు ఆ పట్టాల మీదా కొత్త రోడ్ల మీదా వచ్చారు. అలా వచ్చినవాళ్ల చేతుల్లోకి గోండుల భూములు ఎలా పోయాయో, 1940లలో ఆదిలాబాద్ గూడేల్లో ఉన్న హైమండార్ఫ్ తన పుస్తకాల్లో నమోదు చేశాడు. జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరిగింది 1940లో, ఆ లైను పూర్తయిన పదకొండేళ్లకు.

ఇదంతా చెప్పి సాయర్‌ను దోషిగా నిలబెట్టడం మా ఉద్దేశం కాదు. అయితే ఆట నిజానికి దగ్గరగా ఉందని పొగిడేవాళ్లకు ఒక మాట. సాయర్ దేశంలోనే రైలు కంపెనీలు ఒక్కొక్క లైనుకూ పార్లమెంటు చేత చట్టం చేయించుకుని, భూస్వాములతో బేరమాడి పరిహారం కట్టి పట్టాలు వేశాయి. అక్కడ కూడా నేల ఖాళీగా లేదు. దొర భూమి అయితే డబ్బు కట్టారు, గోండు భూమి అయితే వర్తించదన్నారు. ఆటలో మాత్రం భూమి మొత్తం గోండు భూమి లాగే ఉంది.

ఈ ఆటను మానిపించమని మేము చెప్పడం లేదు. ఇందులో మనమే మ్యాప్ గీసుకునే సౌకర్యముంది. మా పిల్లలు గత సెలవుల్లో గోదావరి గీశారు, రామగుండం నుంచి సిర్పూర్ దాకా గుట్టలు లేపారు. ఒక అమ్మాయి, తండ్రిది బాయి పని, తల్లిది గూడెం, మ్యాప్‌లో ఖాళీ ఉన్నచోట ఐదు గూడేలను ఊళ్లుగా పెట్టి పేర్లు రాసింది. తర్వాత ప్రశ్నార్థకం బటన్ నొక్కి చూసింది. యజమాని వరుసలో ఏ మార్పూ లేదు. కాని కింద స్థానిక సంస్థ అనే వరుసలో గూడెం పేరు వచ్చింది. "గ్రామసభ వచ్చింది సారు" అని కేకేసింది. 1996 పెసా చట్టం పాఠం ఆ కేకతో అయిపోయింది.

ఇంకొకడు కంపెనీ తెరిచి ఆ గూడేల మధ్య బొగ్గు లైను మొదలుపెట్టాడు. చెట్లు కొట్టేశాడు. రెండు గూడేలు స్టేషన్‌కు ఒప్పుకోలేదు. వాడు నవ్వి చుట్టూ నాలుగు వరుసల చెట్లు నాటాడు. అనుమతి వచ్చేసింది. ఆ అమ్మాయికి కోపమొచ్చింది. ఇద్దరూ గంటసేపు కొట్లాడుకున్నారు. చివరికి ఆ మ్యాప్‌లో చెట్లు నాటే బటన్, లంచం బటన్ రెండూ ముట్టుకోకూడదని, విపత్తులు ఆపకూడదని నియమం రాసుకుని కాగితం మీద సంతకాలు పెట్టారు. ఆ నియమంతో కంపెనీ ఎన్నాళ్లు నిలుస్తుందన్నది వాళ్ల పందెం. పరీక్షలయ్యాక ఆడతారు.