డోలు దెబ్బకూ చెవికీ మధ్య

ఒగ్గు కథలో ప్రధాన కథకుడి మాట ముగుస్తుండగానే వంత అందుకుంటుంది. ఆ రెంటినీ డోలు కలిపి నడిపిస్తుంది. పాత కరీంనగర్ జిల్లాలో హన్మాజీపేట మిద్దె రాములు వంటి కళాకారులు కథను నిలబెట్టింది ఈ అందిపుచ్చుకోవడంతోనే. కథకుడికీ డోలుకూ మధ్య దూరం ఒకటి రెండు మీటర్లే. శబ్దం గాలిలో సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది కాబట్టి దరువు చెవిన పడడానికి 3 నుంచి 6 మిల్లీసెకన్లు చాలు.

ఇప్పుడు ఈ కళను ఇంట్లోనే లాప్‌టాప్, ఆడియో ఇంటర్‌ఫేస్ పెట్టుకుని రికార్డు చేయవచ్చు. కొనేటప్పుడు మైకు గురించి అడుగుతారు కానీ లేటెన్సీ గురించి అడిగేవారు తక్కువ. మైకులోకి వెళ్లిన గొంతు కంప్యూటర్ దాటి హెడ్‌ఫోన్‌కు తిరిగి వచ్చేసరికి పట్టే ఆలస్యమే లేటెన్సీ. అందులో పెద్ద వాటా బఫర్‌ది, అంటే శబ్దపు శాంపిళ్లను కంప్యూటర్ కొన్ని కొన్నిగా పోగుచేసుకునే చోటుది. 48 కిలోహెర్ట్జ్ దగ్గర 64 శాంపిళ్ల బఫర్ అంటే 1.3 మిల్లీసెకన్లు, 256 అంటే 5.3, 1024 అంటే 21.3. లోపలికి ఒకసారి, బయటికి ఒకసారి కాబట్టి ఇది రెట్టింపవుతుంది. కన్వర్టర్లు, డ్రైవర్ దాచి ఉంచుకునే అదనపు బఫర్ దానికి తోడవుతాయి. అందుకే ఒకే బఫర్ పెట్టినా రెండు ఇంటర్‌ఫేస్‌ల ఫలితం ఒకటి కాదు. యూఎస్‌బీయా, థండర్‌బోల్టా అన్నదానికన్నా డ్రైవర్ నాణ్యతే ముఖ్యం. విండోస్‌లో తయారీదారు ఇచ్చిన ఆసియో డ్రైవర్‌నే వాడాలి.

పాడేవారికి తమ గొంతు తలలోని ఎముకల గుండా వెంటనే వినిపిస్తుంది. అదే గొంతు హెడ్‌ఫోన్‌లో 10 మిల్లీసెకన్లు వెనకబడి వస్తే రెండూ కలిసి గుల్లగా వినిపిస్తాయి, పట్టు సడలుతుంది. దీనికి మందు డైరెక్ట్ మానిటరింగ్. గొంతు కంప్యూటర్‌లోకి వెళ్లకుండా ఇంటర్‌ఫేస్ నుంచే చెవికి చేరుతుంది. రికార్డింగ్‌కు ఈ సౌకర్యం ఉంటే పెద్ద బఫర్ ఉన్నా ఇబ్బంది లేదు.

వర్చువల్ వాద్యాలకు ఈ దారి లేదు. ప్యాడ్ కొడితే పలికే డోలు కంప్యూటర్‌లోనే పుడుతుంది. ఆడియో లోపలికి రావలసిన పని లేదు కనుక సగం ఆలస్యం తగ్గుతుంది. మిగిలినదాన్ని బఫర్ 64కో 128కో దించి అదుపు చేయాలి. చిటపటలు వినిపిస్తే ప్రాసెసర్ మోయలేకపోతోందని అర్థం. అప్పుడు బఫర్ ఒక మెట్టు పెంచాలి. మిక్సింగ్‌లో 1024 పెట్టుకున్నా నష్టం లేదు.

డోలు ముందు, కథ తరువాత రికార్డు చేస్తే ఇంకో చిక్కుంది. డ్రైవర్ చెప్పిన ఆలస్యాన్ని బట్టి సాఫ్ట్‌వేర్ ట్రాకును సర్దుతుంది. ఆ లెక్క తప్పితే మాటకూ దరువుకూ పొత్తు కుదరదు. ఇంటర్‌ఫేస్ అవుట్‌పుట్‌ను ఒక కేబుల్‌తో ఇన్‌పుట్‌కు కలిపి, ఒక క్లిక్ పంపి, తిరిగి రికార్డయిన క్లిక్ ఎంత జరిగిందో చూస్తే అసలు లెక్క తేలుతుంది.

ఆదిలాబాద్ గోండు గూడేల్లో దీపావళి వేళ సాగే దండారి ఆటపాటలను మాత్రం ముక్కలుగా రికార్డు చేయకండి. తుడుం, పెప్రె వాద్యాలు, గుస్సాడీ నర్తకుల గజ్జెలు ఒకదాన్ని విని ఒకటి కదులుతాయి. అందరినీ ఒకేసారి పట్టుకుంటే హెడ్‌ఫోన్ అవసరమే రాదు, లేటెన్సీ బెడదా ఉండదు.

ఇంటర్‌ఫేస్ కొనేముందు ఒకే శాంపిల్ రేటు, ఒకే బఫర్ మీద రానుపోను ఆలస్యం ఎంతో అడగండి, డైరెక్ట్ మానిటరింగ్ ఉందో లేదో చూడండి. మన దరువును పరికరానికి తగ్గట్టు మార్చుకోవద్దు, దరువుకు తగిన పరికరాన్నే ఎంచుకోండి.